జమ్మూ కొండల్లో ఊరివాళ్లకు తుపాకులు ఇవ్వడం సరే అయితే, సల్వా జుడుం ఎందుకు తప్పయింది?

కూకట్‌పల్లి కిరణ్:

మా ఆఫీసులో డోడా జిల్లా కుర్రాడొకడున్నాడు. వాళ్ల నాన్న విలేజ్ డిఫెన్స్ గార్డ్. పగలంతా పొలం, పశువులు, రాత్రయితే .303 రైఫిల్ భుజాన వేసుకుని ఊరి చుట్టూ గస్తీ. పోలీసు కాదు, సైన్యం కాదు, ఊరి మనిషే. పహల్గాం ఉగ్రదాడి తర్వాత ఒకరోజు లంచ్‌లో ఈ సంగతి వచ్చింది, నేనేదో "ప్రభుత్వం చేయాల్సిన పని మీ నాన్నతో చేయిస్తోంది కదా" అన్నాను, వాడికి కోపం వచ్చి "ఆ తుపాకులు లేకపోతే మేం 1990ల్లోనే ఊరొదిలి జమ్మూలో ఏ గుడారంలోనో ఉండేవాళ్లం" అన్నాడు.

నాకు వెంటనే సల్వా జుడుం గుర్తొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఇదే కదా చేశారు, గిరిజన కుర్రాళ్లకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదకు పంపారు. 2011లో సుప్రీంకోర్టులో మన సుదర్శన్ రెడ్డి గారి బెంచ్ అది రాజ్యాంగ విరుద్ధం అంది. 2025లో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు మళ్లీ ఆ తీర్పు మీదే రచ్చ, ఆ తీర్పే లేకపోతే 2020 నాటికే నక్సలిజం అయిపోయేదని అమిత్ షా అన్నారు.

నా డౌటు ఒకటే. రెండు చోట్లా సామాన్యుడి చేతికి ప్రభుత్వం తుపాకి ఇచ్చింది. ఒకటి ఆగిపోయింది, ఇంకోటి ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. తేడా చట్టంలో ఉందా, పద్ధతిలో ఉందా, లేక ఎవరి ఊరు, ఎవరి ఓటు అన్నదాంట్లో ఉందా? పార్టీల తిట్లు వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి.

టెక్కలి హవల్దార్:

తమ్ముడూ, నేను రిటైరైపోయాను, సర్వీసులో కొన్నాళ్లు రాజౌరీ, పూంచ్ వైపు ఉన్నాను కాబట్టి ఆ వైపు సంగతి చెప్తాను. ఛత్తీస్‌గఢ్ నాకు తెలీదు.

మన వైపు ఊరంటే ఒక చోట గుంపుగా ఇళ్లు, మధ్యలో రామమందిరం, చివర చెరువు. అక్కడ ఊరంటే ఒక కొండ వాలు మొత్తం. ఒక ఇల్లు ఇక్కడుంటే పక్కిల్లు వాగు అవతల. కేకేస్తే వినపడుతుంది, నడిచి వెళ్లాలంటే గంట. ఎండాకాలం వస్తే గుజ్జర్లు, బకర్వాళ్లు పశువుల్ని తోలుకుని ఇంకా పైకి ఢోక్‌లకు, అంటే కొండల మీది మేత గుడిసెలకు, వెళ్లిపోతారు, అక్కడ రోడ్డూ ఉండదు, సిగ్నలూ ఉండదు. ఇలాంటి చోట ప్రతి ఇంటికీ పోలీసును పెట్టడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. ఠాణాకి కబురు అందేసరికి చేయాల్సింది చేసి వాళ్లు అడవిలో కలిసిపోతారు.

1993 ఆగస్టులో కిష్త్‌వార్ దగ్గర బస్సు ఆపి హిందువుల్ని వేరు చేసి కాల్చేశారు. అప్పటికి ఉగ్రవాదం కశ్మీర్ లోయ దాటి డోడా వైపు వచ్చేసింది, జనం ఊళ్లు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. 1995లో విలేజ్ డిఫెన్స్ కమిటీలు పెట్టింది అందుకే. ఆ కొండల్లో ఇంటికో మాజీ సైనికుడు ఉంటాడు, కాబట్టి తుపాకి పట్టడం కొత్త కాదు. ఒక మాజీ జవానునో రిటైరైన పోలీసునో ఎస్‌పీవోగా (స్పెషల్ పోలీస్ ఆఫీసర్) పైన పెట్టి, కింద నలుగురైదుగురు ఊరివాళ్లను చేర్చి, పోలీసు స్టోర్‌లో పడున్న .303లు ఇచ్చారు. ఎస్‌పీవోకి కొంత భత్యం, మిగతావాళ్లకు ఏమీ లేదు.

.303 సంగతి తెలియనివాళ్లకు: బ్రిటిష్ కాలం నాటిది, ప్రతి తూటాకీ బోల్టు వెనక్కి లాగి ముందుకు తోయాలి, మ్యాగజైన్‌లో పది పడతాయి. అవతలివాడి దగ్గర ఏకే, ముప్పై తూటాలు. ఎదురెదురుగా నిలబడితే గెలవడం కష్టం, ఊరివాళ్లకూ ఆ సంగతి తెలుసు. వాళ్ల పని గెలవడం కాదు. తలుపులు మూసి, రాళ్ల గోడ వెనక కూర్చుని, మేం వచ్చేదాకా వాడిని ఇంట్లోకి రానివ్వకుండా కాల్చుతూ ఉండటం. తుపాకి లేని ఊళ్లో ఉగ్రవాది అన్నం తిని, ఫోన్ చార్జ్ చేసుకుని, కావలసిన మనిషిని బయటకు పిలిచి చంపి పోతాడు. ఎదురు తూటా వస్తుందని తెలిసిన ఊరికి రాత్రి పూట రావడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

అయితే దీనివల్ల అంతా ఆగిపోయిందని చెప్పను. కమిటీలు పెట్టాక కూడా 1998లో ప్రాన్‌కోట్ ఊచకోత జరిగింది, అదే ఏడు చంపనారీలో పెళ్లి బృందంలో పాతిక మందిని చంపారు, 2006లో డోడాలోనే కుల్హండ్ ఊచకోత జరిగింది.

దగ్గరి ఉదాహరణ ధాంగ్రీ. రాజౌరీ టౌన్‌కి పెద్ద దూరం కాదు. 2023 జనవరి 1 సాయంత్రం ఇద్దరు ఇళ్లలోకి దూరి కాల్పులు జరిపారు. ఊళ్లో ఒకాయన తన పాత .303 తీసి కాల్చాడు, వాళ్లు పారిపోయారు. లేకపోతే ఇంకెన్ని ఇళ్లు అయ్యేవో. మర్నాడు ఉదయం వాళ్లు పెట్టి పోయిన బాంబు (ఐఈడీ) పేలి ఇద్దరు పిల్లలు పోయారు, మొత్తం ఏడుగురు. అప్పుడు ఊరంతా రోడ్డెక్కి అడిగింది ఒకటే, మా దగ్గర తుపాకులు ఎందుకు వెనక్కి తీసుకున్నారని. ఆ తర్వాతే సీఆర్‌పీఎఫ్ ట్రైనింగ్ మొదలైంది, ప్రతి తూటాకీ బోల్టు లాగక్కర్లేని ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు ఇవ్వడం మొదలైంది.

శబరి ఒడ్డు:

హవల్దార్ గారు చెప్పింది బాగుంది, కానీ చింతూరు వైపు పుట్టినవాడిగా నాకు "ఊరి కాపలా" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది, ఎందుకో చెప్తా.

మాకు ఛత్తీస్‌గఢ్‌లోని కొంట దగ్గర. శబరి అవతల జరిగేది మా సంతలో తెలిసిపోతుంది. సల్వా జుడుం 2005 జూన్‌లో అక్కడి బీజాపూర్ వైపు మొదలైంది, మహేంద్ర కర్మ నాయకుడు, ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ మనిషే అయినా బీజేపీ ప్రభుత్వం వెనక నిలబడింది. శాంతి యాత్ర అన్నారు. నిజంగా మావోయిస్టుల మీద కోపం ఉన్నవాళ్లు కూడా దాంట్లో ఉన్నారు, అది కాదనను. కానీ జరిగిన పద్ధతి చూడండి. ఊరికి గుంపుగా వచ్చి, రోడ్డు పక్క క్యాంపుకి రండి అంటారు. దోర్నపాల్, ఎర్రబోరు, ఇంజరం, కొంట, ఇవన్నీ క్యాంపులే. వచ్చినవాడు మనవాడు, రానివాడు నక్సలైటు. రానివాడి ఇల్లు, ధాన్యం కాలిపోతాయి. క్యాంపుకి వెళ్తే మావోయిస్టులు ద్రోహి అని చంపుతారు. 2006లో ఎర్రబోరు క్యాంపు మీద పడి నరికి, కాల్చి చంపారు, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. 2007 మార్చిలో రాణిబోద్లిలో పోలీసులు, ఎస్‌పీవోలు కలిపి 55 మంది పోయారు.

ఇక మూడో దారి మావైపు రావడం. చింతూరు, కూనవరం, చర్ల, దుమ్ముగూడెం, అటు ఏటూరునాగారం దాకా అడవుల్లో గుడిసెలేసుకున్న గొత్తికోయ ఆదివాసీలంతా ఇలా వచ్చినవాళ్లే ఎక్కువ. అంతకుముందు మిర్చి ఏరడానికి కూలికొచ్చి సీజన్ అయ్యాక వెళ్లిపోయేవాళ్లు, అప్పుడు వచ్చినవాళ్లు వెళ్లలేదు. పోడు కొట్టుకుంటే ఫారెస్టోళ్లు గుడిసెలు పీకుతారు. అక్కడ ఎస్టీ, ఇక్కడికొస్తే ఆ సర్టిఫికెట్ చెల్లదు. పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు, వాళ్లకూ అదే గోస.

కిరణ్ గారూ, మీ ఫ్రెండ్ నాన్న తన గుమ్మం ముందు నిలబడి తన ఇంటిని కాపాడుకుంటున్నాడు. ఇక్కడ కుర్రాళ్లను తీసుకెళ్లి వేరేవాళ్ల గుమ్మం ముందు నిలబెట్టారు. నాకు కనిపించే తేడా అది. ఓటు సంగతి మీరే ఆలోచించుకోండి.

లా పాయింట్ లక్ష్మి:

తీర్పు గురించి చాలామంది చదవకుండా మాట్లాడతారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

2011 జులై 5, నందినీ సుందర్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఛత్తీస్‌గఢ్, జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్. అప్పటికి ఛత్తీస్‌గఢ్‌లో ఎస్‌పీవోలు సుమారు 6,500 మంది. నెలకు 1,500 ఇచ్చేవాళ్లు, తర్వాత 3,000 చేశారు. అయిదో తరగతి చదివితే చాలు. రెండు నెలల ట్రైనింగ్‌లోనే ఆయుధాలు, చట్టాలు, మానవ హక్కులు అన్నీ నేర్పేశామని రాష్ట్రం చెప్పుకుంటే, అయిదో తరగతి చదివిన పిల్లాడికి గంటల లెక్కన శిక్షాస్మృతి ఎలా అర్థమవుతుందని కోర్టు నిలదీసింది. రెగ్యులర్ పోలీసు చేసే ప్రమాదకరమైన పనే వీళ్లతో చేయించి, వాళ్లకున్న జీతం, శిక్షణ, భద్రత ఏవీ ఇవ్వకపోవడం 14వ అధికరణకు విరుద్ధం, బతుకుల్ని ఇంత చౌకగా పణం పెట్టడం 21వ అధికరణకు విరుద్ధం అంది. అంటే ఎదుటివాళ్ల ప్రాణాల గురించే కాదు, తుపాకి పట్టిన కుర్రాడి ప్రాణం గురించి కూడా ఆ తీర్పు మాట్లాడింది. టీవీ చర్చల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. అదే ఏడు మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురంలో ఇళ్లు తగలబెట్టిన కేసును కూడా సీబీఐకి అప్పజెప్పింది.

ఇక మీ ప్రశ్నకు నేరుగా సమాధానం: ఆ తీర్పు వచ్చాక జమ్మూ కశ్మీర్ లాంటి చోట్ల ఎస్‌పీవోల పరిస్థితి ఏంటని కేంద్రం కోర్టుకి వెళ్లింది. 2011 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశం ఛత్తీస్‌గఢ్ వరకే అని స్పష్టం చేసింది. కాబట్టి కాగితం మీద జమ్మూ కమిటీలను ఏ కోర్టూ తప్పు అనలేదు. అయితే అదే తర్కం పెట్టి చూస్తే అక్కడా ఇబ్బందే అని నా అభిప్రాయం, తక్కువ డబ్బు, తక్కువ శిక్షణ, ఎక్కువ ప్రమాదం.

ఛత్తీస్‌గఢ్ ఏం చేసింది? అదే ఏడాది ఆక్జిలరీ ఆర్మ్‌డ్ పోలీస్ ఫోర్స్ అని చట్టం తెచ్చి చాలామంది ఎస్‌పీవోలను అందులోకి తీసుకుంది. దాని మీద కోర్టు ధిక్కారం పిటిషన్ వేస్తే, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు ముగించేసింది. అంటే కుర్రాళ్లు అలాగే ఉన్నారు, యూనిఫాం, జీతం వచ్చాయి. కావాలంటే దాన్ని తీర్పు సాధించిన విజయం అనుకోండి, కావాలంటే తీర్పును తప్పించుకోవడం అనుకోండి.

పాత పేపర్ ప్రసాద్:

అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు, నేను కొంచెం చేదుగా మాట్లాడతా. ప్రభుత్వానికి ఇది చవక బేరం, అంతే. 2022లో స్కీమ్ మార్చి విలేజ్ డిఫెన్స్ గార్డ్స్ అని పేరు పెట్టారు. ప్రమాదం ఎక్కువున్న చోట్ల గ్రూపును నడిపించేవాళ్లకి నెలకు 4,500, మిగతావాళ్లకి 4,000. ముందు ఎస్‌పీవోగా ఉన్నవాళ్లకు ఇంతకంటే చాలా ఎక్కువ వచ్చేది కాబట్టి వాళ్లు ధర్నాలు చేశారు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఎంతిస్తున్నాం? వాచ్‌మన్ మీదకి ఎవడూ ఏకే పట్టుకుని రాడు కూడా.

రెండోది, తుపాకి ఇచ్చిన తర్వాత అది ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు. కశ్మీర్ లోయలో ఇఖ్వాన్ గుర్తుందా? లొంగిపోయిన మిలిటెంట్లకే తుపాకులిచ్చి మిలిటెంట్ల మీదకు వదిలారు. వాళ్ల నాయకుడు కూకా పర్రే 1996లో ఎమ్మెల్యే కూడా అయ్యాడు. వాళ్ల వల్ల మిలిటెన్సీ తగ్గిందన్నది నిజమే, వాళ్లు జనాన్ని దోచుకున్నారు, చంపారు అన్నదీ నిజమే. 2003లో ఆయన్నీ చంపేశారు. జమ్మూలో ఈ డిఫెన్స్ కమిటీల (వీడీసీల) మీద కూడా హత్య, అత్యాచారం కేసులున్నాయి. మతం సంగతి ఎవరూ ఎత్తలేదేం? చాలా చోట్ల ఆ తుపాకులు ఒక మతం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయని పక్క ఇళ్లవాళ్లు భయపడిన మాట వాస్తవం కాదా?

టెక్కలి హవల్దార్:

ప్రసాద్ గారూ, జీతం విషయంలో మీతో వాదన లేదు. ఆ డబ్బుకి పశువుకి దాణా కూడా రాదు.

మతం విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. హిందువులు ఎక్కువున్న మాట నిజం, ఎందుకంటే మొదట్లో గురి పెట్టింది వాళ్లనే. కానీ పూంచ్‌లో సురన్‌కోట్ వైపు గుజ్జర్ ముస్లింలు మిలిటెంట్లతో విసిగిపోయి సైన్యంతో కలిసి నిలబడ్డారు, 2003లో మిలిటెంట్ల స్థావరం మీద హిల్‌కాకా ఆపరేషన్ జరిగినప్పుడు వాళ్ల సాయం చాలా ఉంది. 2022 జులైలో రియాసీ జిల్లా టుక్సన్ ఢోక్‌లో ఇద్దరు లష్కర్ వాళ్లను ఊరివాళ్లే పట్టుకుని కట్టేసి పోలీసులకు అప్పజెప్పారు. 2024 ఏప్రిల్‌లో ఉధంపూర్ బసంత్‌గఢ్ దగ్గర గస్తీలో చనిపోయిన గార్డు ముస్లిం. అదే ఏడాది నవంబరులో కిష్త్‌వార్‌లో పశువుల్ని మేపడానికి అడవిలోకి వెళ్లిన ఇద్దరు గార్డులను ఎత్తుకెళ్లి చంపారు, ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. ఇద్దరూ ఒకే ఊరి వైపు వాళ్లు, కలిసి పశువులు తోలుకెళ్లారు. చంపినవాళ్లు పేర్లు అడిగి విడదీయలేదు.

కేసులున్న మాట కూడా నిజమే. నేను చూసినంతలో గొడవ ఎక్కడొస్తుందంటే, ఏళ్ల తరబడి ఏ సంఘటనా జరగని ఊళ్లలో. దాడి భయం పోయింది, తుపాకి ఇంట్లోనే ఉంది, ఠాణా అధికారి (ఎస్‌హెచ్‌వో) వచ్చి లెక్క చూసింది లేదు. అప్పుడు పొలం గట్టు తగాదాకీ, తాగి వీరంగానికీ అదే బయటకొస్తుంది. నెలకోసారి తుపాకి, తూటాలు ఠాణాకి తెచ్చి చూపించాలి, ఖర్చయిన తూటాకి కారణం రాయాలి. ఈ పని గట్టిగా చేసే ఆఫీసరున్న ఏరియాలో నాకు పెద్దగా ఫిర్యాదులు వినపడలేదు. చేయని చోట ప్రసాద్ గారు చెప్పిందే జరుగుతుంది. అలాగని భయం తగ్గిన ఊళ్లో తుపాకి పూర్తిగా తీసేసుకుంటే ధాంగ్రీ జనం అడిగిన ప్రశ్నే మళ్లీ వస్తుంది.

అబుజా నుంచి అనిల్:

నేను నైజీరియాలో ఉద్యోగం చేస్తున్నా, బోకో హరామ్ ఉగ్రవాదులుండే బోర్నో రాష్ట్రం వైపు వెళ్లలేదు, వెళ్లనివ్వరు కూడా. కానీ ఇక్కడ సీజేటీఎఫ్ (సివిలియన్ జాయింట్ టాస్క్ ఫోర్స్) అనే ఊరి దళం కథ చాలావరకు మీరు చెప్పుకునేదే. 2013లో బోర్నోలోని మైదుగురి నగరంలో కుర్రాళ్లు కర్రలు, కత్తులు పట్టుకుని బోకో హరామ్ వాళ్లను వీధి వీధి వెతికి పట్టుకున్నారు. సైన్యానికి తెలియని మొహాలు వీళ్లకు తెలుసు, పక్కింటి వాడే కదా. నగరం నుంచి వాళ్లను తరిమింది వీళ్లేనని ఇక్కడ అందరూ ఒప్పుకుంటారు. తర్వాత కక్ష తీర్చుకోవడానికి బోకో హరామ్ చుట్టుపక్కల పల్లెల మీద పడింది. సీజేటీఎఫ్ ఏమో పిల్లల్ని వాడుకున్నందుకు ఐక్యరాజ్యసమితి జాబితాకెక్కింది, 2017లో ఒప్పందం మీద సంతకం పెట్టి పిల్లల్ని బయటకు పంపింది. ఇప్పుడు పెద్ద తలనొప్పి ఏంటంటే వేల మంది కుర్రాళ్లు, వేరే పని తెలీదు, అందరికీ ప్రభుత్వ జీతం లేదు. యుద్ధం అయ్యాక వీళ్లని ఏం చేయాలో ఎవరికీ ప్లాన్ లేదు.

కూకట్‌పల్లి కిరణ్:

అందరికీ థాంక్స్. శబరి ఒడ్డు గారు చెప్పిన గుమ్మం తేడా నాకు బాగా ఎక్కింది, కానీ హవల్దార్ గారూ, అది అంత సులువుగా గీత గీయగలిగేదా? సొంత ఊరి గుమ్మం ముందు నిలబడ్డవాడిని కూడా రేపు "అడవిలో సెర్చ్ ఉంది, దారి చూపించు" అని తీసుకెళ్తారు కదా. వాడు కాదనగలడా?

ఇంకో సందేహం లక్ష్మి గారికి. గార్డు రాత్రి చీకట్లో పొరపాటున సొంత ఊరివాడినే కాల్చాడనుకోండి, చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

టెక్కలి హవల్దార్:

తీసుకెళ్తారు, దాచడానికేముంది. దారి తెలిసినవాడు వాళ్లే. నేనున్నప్పుడూ తీసుకెళ్లాం. కాదనడం కష్టమే. అలా వెళ్లొచ్చిన మనిషి సంగతి మిలిటెంట్లకు మర్నాటికే తెలిసిపోతుంది, మేం యూనిట్ మారి వెళ్లిపోతాం, అతను అక్కడే ఉంటాడు. రుఖ్సానా కౌసర్ పేరు విన్నారా? 2009 సెప్టెంబరులో రాజౌరీ జిల్లా షాదరా షరీఫ్ దగ్గర మిలిటెంట్లు ఇంట్లో దూరి తల్లిదండ్రుల్ని కొడుతుంటే ఒకడిని గొడ్డలితో కొట్టి, వాడి ఏకేనే లాక్కుని వాడిని చంపింది. ఆమె ఏ కమిటీలోనూ లేదు. కీర్తి చక్ర ఇచ్చారు, దేశమంతా మెచ్చుకుంది. కానీ ఆ ఇంట్లో ఉండలేక కుటుంబమంతా రాజౌరీకి మారాల్సి వచ్చింది. పతకం ఇచ్చేటప్పుడు ఎవరూ దీని గురించి మాట్లాడరు.

లా పాయింట్ లక్ష్మి:

కిరణ్ గారూ, పట్టుకుంటే ముందు గార్డునే. అతనికి కూడా మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే ప్రధానం, పాత ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్లు, ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 34 నుంచి 44. నిజంగా ప్రాణభయం ఉందని, అవసరమైన దానికంటే ఎక్కువ బలం వాడలేదని అతనే చూపించుకోవాలి. చీకట్లో ఉగ్రవాది అనుకుని నిజాయితీగా పొరబడ్డానన్న వాదన చట్టంలో ఉంది, కానీ దాన్ని కోర్టులో నిలబెట్టాలంటే మంచి లాయరు కావాలి. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం కింద జవానుకి ఉన్నట్టు, కేంద్రం అనుమతి లేకుండా కేసు నడపకూడదన్న రక్షణ అతనికి లేదు. మీ ఫ్రెండ్‌తో ఒక మాట చెప్పండి, వాళ్ల నాన్న గారి దగ్గర తుపాకి ఇచ్చినప్పటి కాగితాలు, గార్డుగా నియమించిన ఆర్డరు కాపీ ఇంట్లో భద్రంగా ఉన్నాయో లేదో చూసుకోమనండి. కేసు అంటూ వస్తే మొదట అడిగేవి అవే.